టోకెన్లామె మాస్కు

"నెల తప్పిందా అమ్మాయ్?"

చర్మవ్యాధుల క్లినిక్ హాల్లో పదిహేను తలలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

అమ్మాయి ముఖం కందగడ్డ అయింది. మొటిమలతో అది అప్పటికే ఎర్రగా ఉంది కాబట్టి ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

అడిగింది టోకెన్లు ఇచ్చే ఆవిడ. కళ్ళు తప్ప ముఖమంతా మాస్కులోనే. అందులోంచి వినిపించాలని కాబోలు, ప్రతి మాటా గట్టిగానే అంటుంది.

"డాక్టరుగారు అడిగారు, లేదని చెప్పాను. మధ్యలో మీకెందుకు?"

"చీటీలో పరీక్ష రాశారు కదమ్మా. ఆ రిపోర్టు చూపిస్తేనే మాత్రలు. కడుపుతో ఉండి వేసుకుంటే బిడ్డకి ప్రమాదం."

"రిపోర్టు రేపటికి గానీ రాదట. నాకు రేపు సెలవు లేదు."

పెద్ద దుకాణంలో ముఖానికి రాసుకునే క్రీములు అమ్మే ఉద్యోగం ఆమెది. కొనడానికి వచ్చినవాళ్ళు డబ్బా చేతిలోకి తీసుకుని, ఆమె ముఖం చూసి, మెల్లగా కింద పెట్టేస్తున్నారు. మూడు నెలల్లో బాగవకపోతే వెనక గోడౌనుకి పంపిస్తానన్నాడు యజమాని.

ఎదురు గోడ మీద రెండు ఫొటోలు, ఒకే మనిషివి. రెండింట్లోనూ కళ్ళ మీద నల్లపట్టీ వేశారు. మొదటి దాంట్లో బుగ్గల నిండా మొటిమలు. రెండో దాంట్లో మచ్చుకైనా ఒక్కటి లేదు.

"నాకు ఆ ముఖం కావాలి. అంతే" అంది అమ్మాయి వేలు చూపించి.

టోకెన్లామె అటు చూడనైనా లేదు.

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

"ముందు మీ ముఖం సంగతి చూసుకోండి! ఏం దాచుకోవడానికో ఆ మాస్కు! నాది బాగవుతుందంటే మీకంత కడుపుమంటేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. టోకెన్లామె మాస్కు సర్దుకుని తర్వాతి టోకెను పిలిచింది.

అమ్మాయి ఊరుకోలేదు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"నలుగురిలో నా పరువు తీసిందండీ!"

"ఆవిడ మీద ఇది నాలుగో ఫిర్యాదు. నేను చూసుకుంటాను" అన్నాడాయన. రిపోర్టు లేకుండానే మాత్రలు కూడా ఆయనే ఇప్పించాడు.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అదే గొంతు, ఈసారి చాలా మెల్లగా.

"మింగేముందు ఒక్కసారి చూసుకో తల్లీ."

ఇంటికొచ్చి ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఒక చేతిలో మాత్ర పట్టుకుంది. మాత్ర నోటి దాకా వెళ్ళింది గానీ, ఆ మాట మనసులోంచి పోలేదు. ఆవిడదే తప్పని తేల్చాలన్న పంతం పట్టి, వీధి చివర మందుల షాపుకెళ్ళి పరీక్ష కిట్టు కొనుక్కొచ్చింది.

రెండు గీతలు వచ్చాయి.

గుప్పిట్లో మాత్ర చెమటకి మెత్తబడింది.

సెలవు లేదన్న అమ్మాయే మర్నాడు సెలవు పెట్టి క్లినిక్కి పరిగెత్తింది. టోకెన్ల దగ్గర ఆవిడ బదులు, రక్తం తీసే గదిలో పనిచేసే పిల్ల కూర్చుని ఉంది.

"ఇక్కడ ఉండే ఆవిడ రాలేదా?"

"నిన్ననే మానిపించేశారండీ. ఎవరో మహాతల్లి ఫిర్యాదు చేసిందట."

ఆ మహాతల్లి తనేనని చెప్పడానికి అమ్మాయికి నోరు రాలేదు.

"ఎప్పుడూ మాస్కు పెట్టుకునేవారు... ఆవిడకీ మొటిమలేనా?" అని నసిగింది.

ఆ పిల్ల వింతగా చూసి, గోడ మీది రెండో ఫొటో చూపించింది.

"అదండీ ఆవిడ ముఖం. ఈ మాత్రలతోనే అలా అయింది. వాడుతుండగానే నెల తప్పింది, చూసుకోలేదు. బిడ్డ దక్కలేదు."

"మరి... మాస్కు ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. 'ఈ నున్నటి ముఖం చూశాక మాత్రలే కావాలంటారు, ఇంక నా మాట ఎవరు వింటారే?' అంది."