ఆకుపసరు

దగ్గుకి కషాయం చాలదా అని ఒకాయన అడిగితే, "ఆకులూ అలములూ తినడానికి మనమేమన్నా మేకలమా?" అన్నాను. నా మందుల షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎదురింటి మామ్మగారు మాత్రం నవ్వలేదు. సంచిలోంచి ముడుచుకుపోయిన తులసి రెమ్మ తీసి కౌంటరు మీద పెట్టారు.

"పురుగు పట్టింది బాబూ. మొక్క సగం ఎండిపోయింది."

"పురుగుల మందు కొట్టకపోయారా?"

"వారం కిందటే కొన్నాను. కొట్టడానికే చెయ్యి రావట్లేదు. రోజూ పొద్దున్నే ఎవరో ఆకులు కోసుకెళ్తున్నారు. తాగేవాళ్ళకి ఏమన్నా అయితే?"

ఆకులు పోతున్నాయని ఆవిడ మొన్న చెప్పినప్పుడు, ఉడతల పనయ్యుంటుందని అన్నది నేనే.

"ఆ దొంగని పట్టుకోవాల్సిందండీ," అంటూ కౌంటరు మీది చేతిని మెల్లగా కిందికి లాక్కున్నాను. పొద్దున పిండిన పసరు ఇంకా గోళ్ళ సందుల్లోనే ఉంది.

ఆవిడ రెమ్మని సంచిలో వేసుకుని, అందరూ వెళ్ళేదాకా ఓ పక్కన నిలబడ్డారు. అప్పుడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"మీ ఆవిడకి దగ్గు తగ్గిందా నాయనా? తగ్గాక చెప్పు, అప్పుడే కొడతాను."