దొరకు సూదిమందు

కర్రలు పట్టుకుని ముగ్గురు వచ్చారు. ముందు నడుస్తున్నది చలపతిరావు గారు. ఆయనది పురుషోత్తం గారి పక్కిల్లు, ప్లీడరు దగ్గర గుమస్తా. ఆ వీధికి తనే పెద్దనని ఆయన నమ్మకం.

బందరులో ఆ వారం ఒక పిచ్చికుక్క ఇద్దర్ని కరిచింది. నలతగా కనిపించిన కుక్కనల్లా కొట్టి చంపెయ్యాలని వీధి తీర్మానించింది. పురుషోత్తం గారి కుక్క మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. మూల పడుకుని చొంగ కారుస్తోంది. రేవు ఆఫీసులో పనిచేసిన తెల్లదొర సీమకు వెళ్తూ వదిలేసి పోయిన కుక్క కాబట్టి దాని పేరు కూడా దొరే.

"తప్పుకోండి పురుషోత్తం గారూ. చూడలేకపోతే కాసేపు లోపలికి వెళ్లండి," అన్నారు చలపతిరావు గారు.

పురుషోత్తం గారు గుమ్మంలోంచి కదల్లేదు. పంచె కాస్త పైకెత్తారు. పిక్కకు కట్టు, కట్టు మీద నెత్తురు.

"తెల్లవారుజామున కరిచిందండీ. మందు పట్టబోతుంటే."

కర్రలు కిందికి దిగాయి.

"అయ్యయ్యో! అయితే ఇప్పుడు దాన్ని చంపకూడదండీ," చలపతిరావు గారు కంగారు పడిపోయారు. "కరిచిన కుక్క పది రోజులు బతికితే మనిషికి ఢోకా లేదు. ఈలోగా అది చచ్చిందంటే..." మిగతాది మింగేశారు.

ఆ సంగతి బందరులో చంటిపిల్లలకు కూడా తెలుసు.

"నీలగిరుల్లో కూనూరు ఆస్పత్రికి వెళ్లండి. సర్కారువారే రైలు టిక్కెట్టు ఇస్తారట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, అంతే!"

"ఆ సూదులేవో దీనికే పొడుస్తానండీ. ఇది బతికితే నేను బతికినట్టే."

ఎంతమంది చెప్పినా ఆయన వినలేదు. రేవు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమస్తాగిరీ చేసిన మొండి మనిషి, మన మాటెందుకు వింటాడు అనుకున్నారు.

పశువుల ఆస్పత్రి కంపౌండరు బాలస్వామి వచ్చి దూరం నుంచే చూశాడు.

"పిచ్చో, విషజ్వరమో ఇప్పుడే చెప్పలేనండీ. జ్వరమే అయితే, రోజుకో సూది పడితే కోలుకోవచ్చు."

ఒకసారి పొడిచి చూపించాడు. మందూ సిరంజీ ఇచ్చి వెళ్లినవాడు మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

ఇక రోజూ పురుషోత్తం గారే. సిరంజిని గిన్నెలో మరగబెట్టడం, దొర మెడ వెనక తోలు పైకి లాగి పట్టుకోవడం, కళ్లు మూసుకోకుండా పొడవడం. మొదటి రోజు సూది జారి సగం మందు చాప పాలైంది. దొర మూలిగింది గాని పళ్లు చూపలేదు.

"ఓర్చుకోరా అబ్బాయ్, ఇంకా తొమ్మిది రోజులే," అన్నారాయన.

ఆయన భార్య వేదవతమ్మ పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఆరేళ్లుగా ఆయన తిన్నారో పస్తున్నారో అడిగిన దిక్కు లేదు. ఆ ఇంట్లో మాటంటూ వినిపిస్తే అది ఆయన దొరతో చెప్పేదే. ఇప్పుడు పొద్దున్నే గోడ మీంచి చలపతిరావు గారి భార్య అనసూయమ్మ గొంతు వినబడుతోంది.

"దొర లేచాడా అన్నయ్య గారూ? ఈ పాలు పట్టి చూడండి."

ఆ పలకరింపు ఆయనకు బాగుంది. బాగున్నందుకు సిగ్గుగానూ ఉంది.

ఆరో రోజు దొర తల ఎత్తలేదు.

చలపతిరావు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. నెమ్మదిగా అడిగారు. "ఎవరికైనా కబురు పెట్టమంటారా?"

"పెట్టడానికి నాకెవరున్నారండీ," అన్నారు పురుషోత్తం గారు. దొర పక్కన చాప మీద కూలబడి, దాని చెవి నిమురుతూ వెక్కి వెక్కి ఏడ్చారు.

చావంటే భయం ఎవరికి మాత్రం ఉండదు అనుకుంటూ చలపతిరావు గారు కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఎనిమిదో రోజు దొర తోక కదిలింది. తొమ్మిదో రోజు నీళ్లు తాగింది. పదో రోజు పెరుగన్నం తిని, వాకిట్లోకి వచ్చి, చలపతిరావు గారిని చూసి మొరిగింది.

వీధి వీధంతా వచ్చి చూసింది. మోపిదేవి స్వామికి మొక్కుకున్నానని అనసూయమ్మ అప్పుడు బయటపెట్టింది.

"గండం గడిచింది. ఇది పిచ్చికుక్క కాదు. ఇక దీని జోలికి ఎవరూ రావద్దు," అని చలపతిరావు గారు అందరి ముందూ ప్రకటించారు.

ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు గోడ మీంచి పలకరింపు లేదు. ఆ మర్నాడూ లేదు.

పురుషోత్తం గారు తలుపు దగ్గరగా వేసి, దొర పక్కన చతికిలబడి కట్టు విప్పారు. పుండు మానుతోంది. దొర దాన్ని నాకబోతే దాని మూతి పక్కకు నెట్టి, చిన్నగా నవ్వారు.

"ఎంత బతిమాలినా నువ్వు కరిస్తేగా, చివరికి ఆ నాలుగు గాట్లూ నేనే దబ్బనంతో పొడుచుకోవాల్సి వచ్చింది!"