గట్టిమేళానికి ఫేడ్

రాబోయే రోజుల మాట ఇది; ఏ పెళ్లిపందిట్లోనూ మేళగాళ్లు లేరు. చుట్టాలందరూ పెట్టుకున్న చెవిపోగుల్లాంటి ఇయర్‌ఫోన్లలో మోగే మేళం మీట నాగశిరీష చేతిలో ఉంది. సౌండు మనిషిగా ఆమెకిదే తొలి పెళ్లి; సంబరంతో వేళ్లు ఆగడం లేదు.

“తాళి కట్టేటప్పుడు తుమ్ము కూడా వినపడకూడదమ్మా. గట్టిమేళం అనగానే దద్దరిల్లిపోవాలి,” అన్నారు పంతులుగారు.

“చూడండి, అదరగొట్టేస్తా!”

ముహూర్తం వచ్చింది. “గట్టిమేళం!”

పాటలకు పెట్టే అలవాటులో శిరీష ఫేడ్ పెట్టేసింది. మేళం నెమ్మదిగా లేవసాగింది. ఆ సందులో పెళ్లికూతురి గుసగుసను పీటల దగ్గరి మైకు అందరి చెవుల్లోనూ వేసేసింది.

“ముడి గట్టిగా వెయ్యి. మళ్లీ పెళ్లి చేసుకునే ఓపిక నాకు లేదు.”

పందిరంతా నవ్వులు, ఈలలు, చప్పట్లు. ఆ గోలలోనే మూడు ముళ్లూ పడిపోయాయి. శిరీష కంగారుగా మీట పైకి తోయబోతే పంతులుగారు నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉండమ్మా! ఇంతకంటే గట్టిమేళం ఉంటుందా?”