పది స్క్రీన్ల ఆర్డరు

రిపేరుకొచ్చిన ల్యాప్‌టాప్‌లో మంచి స్క్రీను ఊడదీసి, అదే సైజు నాసిరకం స్క్రీను బిగించడం లోవరాజుకి ఇరవై నిమిషాల పని. ఏ.ఎస్. రావు నగర్‌లో సందుకో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటరు వెలిసింది గానీ, అతని కొట్టుకొచ్చేవాళ్లలో రిజల్యూషన్ గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఎక్కువ రిజల్యూషన్ స్క్రీన్లు పది కావాలన్నాడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే పాల్. అవి నచ్చితే ఆఫీసులో నాలుగొందల ల్యాప్‌టాప్‌ల రిపేరు కాంట్రాక్టు లోవరాజుదే. అది దొరికితే ఈ దొంగపని మానేస్తానని తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాడు కూడా.

మొదటి స్క్రీను రిటైర్డ్ ఇంజినీరు సదాశివది. ఫ్యాన్ శుభ్రం చేయమని ఇచ్చి వెళ్లాడు. మర్నాడు వచ్చి, కళ్లజోడు సర్దుకుని స్క్రీను వైపు చూశాడు.

"ఏందయ్యా, అక్షరాలు పెద్దగైనయ్?"

"దుమ్ము తుడిసేనండి సార్. అందుకే బాగా అవుపడతన్నాయి."

"మస్తు చేసినవ్. కండ్లకు తక్లీఫ్ లేదు. మావోళ్లను సుత పంపిస్త."

అన్నమాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. వారంలో తొమ్మిది మంది వచ్చారు. అన్నీ ఖరీదైన ల్యాప్‌టాప్‌లే, అందరికీ ఫ్యానే శుభ్రం చేయాలి. ఇంత అమాయకులు ఉంటారా లోకంలో అని లోవరాజుకి జాలేసింది. జాలిపడుతూనే ఊడదీశాడు. ఒక్కొక్కటీ పది నిమిషాలు వెలిగించి చూసి, పదీ తువ్వాల్లో చుట్టి పాల్‌కి అప్పజెప్పాడు.

రెండు రోజులకి పాల్ వాటిని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"లోవరాజు గారూ, గంట వాడి వేడెక్కితే చాలు, స్క్రీను నిండా పచ్చగీతలు. మా మేనేజరు కాంట్రాక్టు వేరేవాళ్లకి ఇచ్చేశారు."

"పదీ అంతేనా బాబూ?"

"పదీ అంతే."

లోవరాజు స్టూలు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఎవరి మీద కేసు పెట్టాలో మాత్రం తెలియలేదు.

అదే సమయానికి లాలాగూడలో సదాశివ, పొరుగింటి టీచరు కమలాబాయికి కొట్టు అడ్రసు రాసిచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు:

"మేడమ్, గీతలొస్తున్నయని మాత్రం చెప్పకుండ్రి, ఫ్యాన్ సాఫ్ చెయ్యమనుండ్రి... స్క్రీను ఆయనే మారుస్తడు, ఫ్రీగ."