ఒక్క టేకులో

షాట్ సగంలో ఉండగా, షూటింగ్ చుట్టూ కట్టిన తాడు అవతలి నుంచి ఒక ఆడగొంతు అడ్డం వచ్చింది.

"ఊపిరాడని మనిషి అన్ని మాటలు మాట్లాడలేడు."

డైరెక్టర్ హరినాథ్ హెడ్‌ఫోన్స్ తీసి కుర్చీలోకి విసిరేశాడు.

మైపాడు దగ్గరి ఆ జాలర్ల పాలెంలో తుఫాను షెల్టర్‌ను కరోనా వార్డుగా మార్చి, పొద్దుటి నుంచి ఆ ఒక్క సీనే తీస్తున్నాడు. రోగి చనిపోయే ముందు కూతురికి ఆరు వాక్యాల్లో అప్పగింతలు చెప్పాలి. అది ఏడో టేకు.

ఆమెను అక్కణ్నుంచి పంపించెయ్యమని రేవతి మీద అరిచాడు.

రేవతి అసోసియేట్ డైరెక్టర్. ఈ సినిమాలో ప్రతిదీ నిజంలాగే ఉండాలని రెండేళ్లు డాక్టర్ల చుట్టూ, పాత పేపర్ల చుట్టూ తిరిగిన మనిషి. ఆమెకూ ఒళ్లు మండింది. విసవిసా తాడు దగ్గరికి వెళ్లింది.

అవతల యాభై దాటిన మనిషి. వెలిసిన నూలు చీర, ఎండకు నల్లబడ్డ మొహం. బెదరలేదు.

అలాంటి మనిషి మాటకొకసారి ఆగి ఊపిరి కోసం వెతుక్కుంటాడని చెప్పింది. రెండు మాటలయ్యేసరికి మూడోది చెప్పాలన్న ఆశే పోతుందని, ఆ తర్వాత కళ్లతోనే అడుగుతాడని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరినో తిడుతున్నట్టే ఉంది ఆ గొంతు.

రేవతి వెనక్కొచ్చి ఆ మాటే చెప్పింది. హరినాథ్ గొణుక్కుంటూనే నటుడి చేత రెండే మాటలు అనిపించాడు.

మానిటర్‌లో చూసుకుని, అదే ఉంచమన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమెకు తాడు లోపల కుర్చీ వేశారు.

మూడు రోజులు ఎక్కణ్నుంచో ఆటోలో వచ్చి పోయింది. పీపీఈ కిట్టు తొడుక్కుంటే గంటలో చేతి తొడుగుల్లో చెమట నీళ్లలా నిలుస్తుందంది. జ్వరం దిగినా నాలుకకు రుచి రాదు, గంజి బాగుందని రోగి చేత అనిపించొద్దంది. శవాన్ని ఎత్తిన మంచం మీద వెంటనే ఎవరూ పడుకోరు, చలేసినా నేల మీదే ఉంటారంది.

హరినాథ్ అన్నీ మార్చాడు. ఏ ఆస్పత్రిలోనో ఆయాగా చేసి ఉంటుందనుకుంది రేవతి. పేరు అడగాలని మాత్రం తోచలేదు.

నాలుగో రోజు రాళ్ల సీను.

చేపలమ్మే ఒకామె చెన్నై నుంచి జబ్బు దాచిపెట్టుకుని వస్తుంది. పదకొండు మందికి అంటిస్తుంది. సంగతి బయటపడ్డాక జనం ఆమెను రాళ్లతో తరుముతారు. హాల్లో ఈలలు పడాల్సిన చోటు అది.

తప్పులుంటే చెప్పమని రేవతి ఆమెకు సీను చదివి వినిపించింది. ఇది నిజంగా ఈ పాలెంలోనే జరిగిందని, అప్పట్లో పేపర్లో వచ్చిందని కూడా చెప్పింది.

ఆమె లేచి నేరుగా హరినాథ్ ముందుకు వెళ్లి నిలబడింది.

"దాచిపెట్టిందని ఎవురు చెప్పినారు మీకు?"

పేపర్లో ఉందన్నాడు హరినాథ్.

"బస్సుల్లేకపోతే లారీ ఎక్కి, మనుబోలు కాణ్నించి నడిచొచ్చింది. ఒళ్లు వెచ్చగా ఉంది, ఇళ్లల్లోకి రాను, షెల్టర్‌లో ఉంటానని ఊరి మొదట్లోనే నిలబడి చెప్పింది. అప్పటికే పాలెంలో ఇద్దరు దగ్గతా ఉండారు. ఆమె ఒక్కర్ని కూడా తాకలా."

హరినాథ్ గడియారం చూసుకున్నాడు. ఆ సీనుకు పిలిపించిన పాలెం జనమంతా ఎండలో నిలబడి ఉన్నారు. సినిమా చూసేవాడికి కోపం రావాలంటే కళ్ల ముందు ఒక మనిషి ఉండాలని, కంటికి కనబడని పురుగు మీద రాళ్లేయించలేనని విసుక్కున్నాడు.

"కిట్టు గురించి చెప్పావు, విన్నాను. కథ నా పని."

"చెమట నిజంది కావాల మీకు. మనిషి గురించి ఏం రాసినా సరిపోద్దా?"

అతను మైకు అందుకుని, జనాన్ని సిద్ధంగా ఉండమన్నాడు.

ఆమె రేవతి వైపు చూసింది. రేవతి స్క్రిప్టు కాగితాల్లోకి తల దించుకుంది.

ఆమె తాడు కింది నుంచి వంగి బయటికి వెళ్లిపోయింది.

సీను ఒక్క టేకులో అయిపోయింది.

పాలెం వాళ్లకు ఏమీ నేర్పాల్సి రాలేదు. ముందు ఎవరు వంగాలో, మొదటి రాయి వేసినవాడు మిగతావాళ్ల వైపు ఎలా చూడాలో వాళ్లే చేసేశారు. ఇంత సహజంగా తన జన్మలో ఏ సీనూ రాలేదని హరినాథ్ అందరికీ చేతులు జోడించాడు.

ఒక్కరూ నవ్వలేదు. థర్మోకోల్ రాళ్లు అక్కడే పడేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

రేవతికి హరినాథ్ మీద కోపం, నోరెత్తని తన మీద అంతకంటే కోపం. టైటిల్స్‌లోనైనా ఆమె పేరు వేయిద్దామని పోలేరయ్యను వెతుక్కుంటూ వెళ్లింది. పాలెం జనాన్ని షూటింగ్‌కు పిలుచుకొచ్చిన పెద్దమనిషి ఆయనే.

ఆమె పేరేమిటని, ఏ ఆస్పత్రిలో చేసేదని అడిగింది.

పోలేరయ్య షెల్టర్ వైపు చెయ్యి చూపించాడు.

"పేరమ్మ. ఆస్పత్రి కాదమ్మా, ఈ షెల్టరే. నాతో కలిపి పదకొండు మందిమి ఈడ పడి ఉంటే కన్నబిడ్డలు కూడా తొంగిచూడలా. ఇరవై రోజులు ఆమే గంజి తాపింది. పోయిన నలుగుర్ని ఆమే పూడ్చింది."

మరి ఈ ఊళ్లో ఎందుకుండదని అడిగింది రేవతి.

"మిగిలిన ఏడుగురం లేచి నిలబడినాక, రోగం తెచ్చింది ఆమేనని, ఇందాక మీకు చేసి చూపించినామే, అదే ఆ రోజు ఆమెకు చేసినామమ్మా."