మూడు ముళ్ల సంచి

తన ఫోన్ తనే దొంగిలించాలని కోటేష్ శుక్రవారం నిర్ణయించుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టుకున్నాడు.

కారణం చిన్నదే. కొత్త మోడల్ వచ్చింది. బరువు నూట అరవై ఐదు గ్రాములు. తన పాతది రెండు వందల ముప్పై. అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ కాటా దగ్గర కోటేష్ ఉద్యోగం. డ్యూటీలో ఉన్నంతసేపు ట్రాక్టర్ల బరువు టన్నుల్లో చూస్తాడు, మిగతా బతుకంతా గ్రాముల్లోనే. ఒక కంపెనీ మందం తగ్గిస్తుంది, ఇంకొకటి బ్యాటరీ పెంచుతుంది, మూడోది ఏకంగా ఫోన్‌నే మడతపెడుతుంది. ఈ పోటీలో ఎవరు ఓడిపోతారోనని ఆ కంపెనీలవాళ్ల కన్నా తనే ఎక్కువ దిగులుపడతాడు. ఇంట్లో బల్బు మార్చడం రాదు గానీ, ఏ ఫోన్లో ఏ చిప్ ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కళ్లు మూసుకుని ఉన్నప్పుడు చేతిలో పెట్టినా ఏ ఫోనో చెప్పేస్తానని టీకొట్టు దగ్గర పందెం కాస్తాడు.

ఇంత పరిజ్ఞానమూ కాపురం ఉండేది సిగ్నల్ లేని తండాలో. అడవి అంచున ఉన్న ఆ తండాలో నీళ్ల ట్యాంకు మెట్ల దగ్గర తప్ప ఎక్కడా ఒక్క గీత కూడా కనిపించదు. అందుకే ఇంటి దగ్గరున్నంతసేపు అందరూ ఫోన్లను గుడ్డసంచుల్లో పెట్టి ఆ మెట్ల కమ్మీకి వేలాడదీస్తారు. కోతులు విప్పకుండా సంచి మూతికి మూడు ముళ్లు వేస్తారు. ఎవరి ఫోన్ మోగినా దగ్గరున్నవాళ్లు కేకేసి పిలుస్తారు. ఇన్నేళ్లలో ఒక్క సంచీ పోలేదు.

కోటేష్ భార్య ఉషారాణి అంగన్‌వాడీ టీచర్. కొత్త ఫోన్ మాట ఎత్తితే ఆమెది ఒకటే జవాబు.

"ఉన్నది మంచిగనే పనిచేస్తుంది గద. అది సచ్చిననాడు చూద్దాం."

అయితే తనే చంపాలి. దాచిపెడితే లాభం లేదు. స్విచాఫ్ చేసినా ఫోన్ ఎక్కడుందో కనిపెట్టొచ్చని తండా మొత్తానికీ పాఠం చెప్పింది తనే. ఆ రోజు కాస్త నోరు మూసుకుని ఉండాల్సిందని ఇప్పుడనిపించింది. ఇక నీళ్లలో ముంచడం ఒక్కటే దారి. నేరం ఎలాగూ కోతుల మీదికి పోతుంది. కోతి మీద ఎవరూ కేసు పెట్టరు.

ఆదివారం రెండు గంటలకి తండా అన్నం తిని నడుం వాల్చింది. ముందురోజు మీటింగ్ ఉందని కొత్తగూడెం పోయొచ్చిన ఉషారాణి కూడా కునుకు తీస్తోంది. కోటేష్ ట్యాంకు దగ్గరికి పోయి, పొద్దున తను వేలాడదీసిన పచ్చసంచిని తెంపి చొక్కాలో దోపుకున్నాడు. ముళ్లు విప్పేంత తీరిక లేదు. పామాయిల్ తోట వెనకున్న పాడుబడ్డ బావి దాకా ఉరికి, సంచితో సహా అందులోకి విసిరేశాడు. విసిరేటప్పుడు అది చేతిలో తేలిగ్గా అనిపించింది. గుండె ఇంత బరువుగా ఉంటే చేతిలోది తేలిగ్గానే ఉంటుందిలే అనుకున్నాడు.

సాయంత్రం సంచి కనబడటం లేదని తనే వచ్చి చెప్పాడు. పీడ పోయిందని భార్య సంతోషిస్తుందనుకున్నాడు. ఉషారాణి ముఖం పాలిపోయింది. ట్యాంకు దగ్గరికి పరుగెత్తి, మెట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. సవతి అని రోజూ తిట్టిపోసిన ఫోన్ మీద ఆమెకింత ప్రేమ ఉందని తెలిసి కోటేష్‌కి సిగ్గేసింది.

"కోతి ఎత్కపోయిందేమోనే," అన్నాడు.

"కోతైతే అన్ని సంచులు పీకుతది. గిదొక్కటే ఎందుకు పీకుతది? మంగీలాల్ కాకను పిలువు."

తండా పెద్ద మంగీలాల్ వచ్చాడు. ఆ నంబరుకి ఫోన్ చేయించాడు. స్విచాఫ్ అని వచ్చింది. ఒంటిగంటప్పుడు నీళ్లు వదిలే పిచ్చయ్య మెట్ల మీద కనిపించాడని పక్కింటి జమ్లి చెప్పింది. అతన్ని పిలిపించారు.

"వాల్వు తిప్పనీకి ఎక్కిన," అన్నాడు పిచ్చయ్య. "ఇరవై ఏండ్ల సంది ఎక్కుతనే ఉన్న గద."

"రేపటి సంది ఎక్కకు," అన్నాడు మంగీలాల్. "ఫోన్ దొరికేదాక పని బంద్. పొద్దుగాల ఠాణాకు పోదాం."

పిచ్చయ్య భుజం మీది వాల్వు పానా తీసి మెట్టు మీద పెట్టాడు. కోటేష్ ఫోన్ కోసం ఎంత పెద్ద అబద్ధమైనా ఆడగలడు, ఆ విషయంలో తన మీద తనకి నమ్మకముంది. ఆ ముసలాయన ఖాళీ భుజం మాత్రం చూడలేకపోయాడు.

"ఆయన తియ్యలే కాకా. నేనే తీసిన. బాయిల పారేసిన."

ఎందుకో కూడా చెప్పాడు. చెబుతుంటే తన తెలివి తనకే ఎంత బోడిగా ఉందో వినిపించింది. జమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సొంత ఫోన్ దొంగతనం చేసుకునెటోణ్ణి నిన్నే చూస్తున్నరా," అని మంగీలాల్ పిచ్చయ్య చేతికి పానా తిరిగి ఇచ్చాడు.

కోటేష్‌కి ఊపిరాడింది. "తప్పయింది," అన్నాడు భార్యతో. "అయినా పోయింది పాతదే గద. ఊకో."

ఉషారాణి ఏడుపు ఆపి అతని వైపు చూసింది.

"నిన్న నేను కొత్తగూడెం పోయింది మీటింగ్‌కు కాదు," అంది. "పొద్దుగాల నువ్వు స్నానం చేస్తుంటే ఈడికొచ్చి నీ సంచి ఇప్పిన. లోపలిది మార్చి, మల్ల గట్లనే మూడు ముళ్లు ఏసిన. నువ్వు ఇప్పినప్పుడు నీ మొఖం చూద్దామనుకున్న."

నడుముకు దోపిన కొంగు మడతలోంచి ఏదో తీసి అతని అరచేతిలో పెట్టింది.

చూసే ధైర్యం లేక కోటేష్ కళ్లు మూసుకున్నాడు గానీ, అది తన పాత ఫోనేనని, సరిగ్గా రెండు వందల ముప్పై గ్రాములని, చూడకుండానే చెప్పేయగలిగాడు.