పలకరించే వీధిదీపాలు

ఆప్యాయతకి బహుమతి కొట్టిన కాలనీ అది. మనుషులకి శ్రమ లేకుండా వీధిదీపాలే అందర్నీ పలకరిస్తాయి. మంచి బడి, చెట్ల నీడన నడకదారి ఉన్నాయని శశిధర్, నవనీత పాపని తీసుకుని బ్రోకర్ వెంట ఇల్లు చూడ్డానికొచ్చారు.

“టిఫిన్ చేశారా?” అంది మొదటి దీపం.

“బడిలో పాపకి సీటుందండీ,” అంది రెండోది.

“ఇంతకీ మీ ఇంటిపేరు?” అంది మూడోది.

శశిధర్ చెప్పాడు.

దీపం మళ్లీ అడిగింది. “సొంతూళ్లో మీ ఇల్లు ఏ వైపండీ?”

అదీ చెప్పాడు. ఆ తర్వాత గేటు దాకా దీపాలేవీ పలకరించలేదు.

“వీటికి ఇవన్నీ ఎవరు నేర్పారు?” నవనీత బ్రోకర్ని అడిగింది.

“ఎవరూ నేర్పలేదమ్మా. ఇక్కడివాళ్ల మాటలు విని నేర్చుకున్నాయి.”

గేటు దగ్గరి దీపం గొంతు సవరించుకుంది. “బడిలో సీట్లు అయిపోయాయండీ. మీకు సరిపడే కాలనీ అవతల ఉంది. నడిచే వెళ్లొచ్చు.”